రాజు మెడలో రాయి, కృష్ణ అడుగున ఊరు

ఈ ఎపిసోడ్‌లో మిమ్మల్ని ఫ్రాన్స్ రాజు దగ్గరికి తీసుకెళ్తా. బయల్దేరేది మాత్రం మన గుంటూరు పక్క నుంచే.

కొల్లూరు పేరు విన్నారా? తెనాలి వైపు కొల్లూరు కాదండీ. పల్నాడులో, బెల్లంకొండ మండలంలో, కృష్ణ ఒడ్డున ఉండేది. "ఉండేది" అని ఎందుకంటున్నానో చివర్లో చెప్తా.

1600ల్లో తవెర్నియే అనే పారిస్ వ్యాపారి వజ్రాల కోసం మన దేశానికి పదే పదే వచ్చాడు. 1676లో అచ్చయిన తన పుస్తకంలో, గోల్కొండ నుంచి ఏడు రోజులు ప్రయాణం చేస్తే ఒక వజ్రాల గని వస్తుందని రాశాడు. ఇక్కడి భాషలో దాని పేరేంటో తెలుసా? "గని" అట! మనవాళ్లు గని అంటే, అదే పేరనుకున్నట్టున్నాడు.

అక్కడ సుమారు 60 వేల మంది పనిచేస్తున్నారని కూడా రాశాడు. మగవాళ్లు తవ్వేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లు. ఆ మట్టిని నానబెట్టి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చెరిగి రాళ్లు ఏరేవాళ్లు. ఇది చదువుతుంటే నాకు మా మిరప కల్లం కళ్ల ముందుకొచ్చింది. ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరే మా అమ్మ గుర్తొచ్చింది.

తవెర్నియే ఇండియా నుంచి పట్టుకెళ్లిన వాటిలో ఒక నీలి వజ్రం ఉంది. సుమారు 115 క్యారెట్లు. దాన్ని ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కొన్నాడు. వెర్సాయ్ ప్యాలెస్‌ను అంత వైభవంగా కట్టించింది ఈయనే. 1673లో ఆ రాయిని మళ్లీ సానబట్టించి, రిబ్బన్‌కు కట్టి వేడుకల్లో మెడలో వేసుకునేవాడు. 1792లో, ఫ్రెంచ్ విప్లవం గొడవల్లో, దొంగలు ఎత్తుకుపోయారు. తర్వాత ఇంకా చిన్నదై లండన్‌లో తేలింది. ఇప్పుడు 45.52 క్యారెట్లతో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఆ రాయి పేర్లు చూడండి. మొదట "తవెర్నియే బ్లూ", కొన్న వ్యాపారి పేరు. తర్వాత "ఫ్రెంచ్ బ్లూ", ఏలిన దేశం పేరు. ఇప్పుడు "హోప్ డైమండ్", దాచుకున్న ఇంగ్లిష్ ఆసామి ఇంటిపేరు. అది కొల్లూరు గనిదేనని చాలామంది చరిత్రకారులు అంటారు. కానీ ఏ పేరులోనూ కొల్లూరు లేదు. దాన్ని తవ్విన మనిషి పేరైతే ఎవరికీ తెలీదు.

ఇక ఊరి సంగతి. పులిచింతల ప్రాజెక్టు కట్టాక కొల్లూరు ముంపులో పోయింది. ఒకసారి బండి మీద ఆ వైపు వెళ్లా. కనిపించింది నీళ్లే.

అందుకే ఒక పని చెప్తా. మీ చేతిలో ఫోన్ ఉందిగా. ఈ ఆదివారం మీ నానమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, ఊళ్లో ఎవరు ఏ పని చేసేవాళ్లో పేర్లతో సహా చెప్పించి రికార్డ్ చేయండి. రాజుల పేర్లు ఎవరో ఒకరు రాస్తారు. మనవాళ్ల పేర్లు మనమే రాసుకోవాలి.