లాగకుండా ఆగినవాడిదే చేప

డిసెంబరు వచ్చిందంటే ఫ్లోరిడా తూర్పు తీరంలో గాలం పడవల వాళ్లు ఉత్తరపు గాలి కోసం ఎదురుచూస్తారు. మామూలు మనిషైతే ఆ గాలికి ఒడ్డు దాటడు. పామ్‌బీచ్, స్టూవర్ట్ ఊళ్లకు కొద్ది మైళ్ల దూరంలోనే గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం ఉత్తరానికి పరుగెడుతుంటుంది. చలిగాలి దానికి అడ్డం తిరిగేసరికి అలలు నిటారుగా లేస్తాయి. ఉత్తరాన నీళ్లు చల్లబడటంతో చిన్న చేపల మందల వెంట దక్షిణానికి దిగే సెయిల్‌ఫిష్‌లు ఆ అలల వాలు మీదుగా జారుకుంటూ వస్తాయి.

ఈటె లాంటి ముక్కు, వీపు మీద తెరచాపలా విచ్చుకునే రెక్క. విశాఖ రేవులో కొమ్ము కోనాం అంటే తెలియనివాళ్లు ఉండరు; ఇదీ ఆ జాతిదే. మన దగ్గర అది కోసి అమ్మే కూరచేప. అక్కడేమో పడవ బాడుగకు వేలకు వేలు పోసి, పట్టి, మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. మన మత్స్యకారుడు వింటే నవ్విపోతాడు.

ఈ కథకు మొదలు రైలు. స్టాండర్డ్ ఆయిల్ భాగస్వామి హెన్రీ ఫ్లాగ్లర్ సముద్రం మీదుగా వేయించిన రైలు మార్గం 1912 జనవరిలో కీ వెస్ట్ దీవికి చేరింది. దారిలోని లాంగ్ కీ దీవిలో వంతెన కూలీల కోసం వేసిన మకాం, వాళ్ల పని అయిపోయాక చేపల వేట విడిదిగా మారింది. చలికాలం గడపడానికి ఉత్తరాది ధనికులు దిగేవారు. వాళ్ల కన్ను వేరే చేపల మీద. సెయిల్‌ఫిష్ వాళ్లకు ఒట్టి చిరాకు: ఎరను టకటకా పొడుస్తుంది, దారం లాగితే ఏమీ ఉండదు.

ఆ టకటక ఏమిటో పట్టుకున్నవాడు మయామీ పడవ కెప్టెన్ బిల్ హ్యాచ్. ఈ చేప తిండిని ముందు ముక్కుతో కొట్టి సొమ్మసిల్లజేస్తుంది, ఆ తర్వాతే తిరిగొచ్చి నోట పెడుతుంది. మొదటి దెబ్బకే లాగితే దాని నోటి కాడి ముద్ద తీసేసినట్టే. అందుకని 1910ల మధ్యలో హ్యాచ్ ఒక పద్ధతి పెట్టాడు. దెబ్బ తగలగానే రీలు వదులు చేయాలి. ఎర చచ్చి తేలినట్టు వెనక్కి జారిపోవాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, దారం పరుగందుకున్నాక బిగించాలి. చిన్న కిటుకే గానీ, ఫ్లోరిడా చలికాలపు వేట మొత్తం దాని మీదే నిలిచింది.

1917లో లాంగ్ కీ ఫిషింగ్ క్లబ్‌కు మొదటి అధ్యక్షుడు జేన్ గ్రే. పళ్ల డాక్టరుగా బతుకు మొదలుపెట్టి కౌబాయ్ నవలలతో పేరు తెచ్చుకున్నవాడు. సన్నటి దారంతో, తేలిక గాలంతో పడితేనే గొప్పని ఆ క్లబ్ పట్టు. జనం రచయిత హెమింగ్వే పేరే తలుస్తారు గానీ, ఆయన కీ వెస్ట్‌కు వచ్చింది 1928లో; అప్పటికే ఈ ఆట నడుస్తోంది. 1935 సెప్టెంబరు 2 నాటి తుపాను లాంగ్ కీ విడిదినీ, రైలు మార్గంలో పెద్ద భాగాన్నీ ఊడ్చేసింది.

ఆట మాత్రం ఉత్తరాన పామ్‌బీచ్, స్టూవర్ట్ వైపు సాగింది. దాంతోపాటు అసహ్యమూ పెరిగింది. రేవులో చేపలను వేలాడదీసి ఫొటో తీయించుకోవడం, తర్వాత పారేయడం! దీనికి విరుగుడుగా, వదిలిన చేపకు గుర్తుగా పడవ మీద ఎర్ర జెండా ఎగరేసే ఆచారం వెస్ట్ పామ్ బీచ్ క్లబ్‌ది. వదిలేయడమే గొప్పగా చేయాలని 1941లో స్టూవర్ట్ సెయిల్‌ఫిష్ క్లబ్ పుట్టింది. అయితే ధనికుల గోడకు చేప బొమ్మ కావాలి, అందుకు చర్మం ఒలవాలి. ఆ చిక్కును ఫైబర్‌గ్లాస్ తీర్చింది. కొలత చెబితే చాలు, బొమ్మ తయారవుతుంది. చేప సముద్రంలోనే ఉంటుంది.

ఇప్పటి పద్ధతి చూడముచ్చటైనది. పడవ నుంచి గాలిపటం ఎగరేస్తారు, సంక్రాంతి పటంలా తోకతో ఊగులాడేది కాదు, చతురస్రం. దాని దారానికున్న క్లిప్పుల్లోంచి గాలం దారాలు నీటి మీదికి దిగుతాయి. బతికున్న ఎర చేప నీటి అంచునే గిలగిలలాడుతుంది. సెయిల్‌ఫిష్ ఎరను పట్టగానే దారం క్లిప్పు నుంచి ఊడుతుంది, కొంచెం వదులు దొరుకుతుంది. హ్యాచ్ చేత్తో చేసినది గాలిపటమే చేసిపెడుతుంది.

2008 నుంచి అట్లాంటిక్ పోటీల్లో సహజ ఎరకు లోపలికి వంగిన గుండ్రటి గాలం తప్పనిసరి. అది కడుపులో గుచ్చుకోవడం అరుదు, ఎక్కువగా నోటి మూలన ఇరుక్కుంటుంది. దానితో చేయి ఝాడించకూడదు. నెమ్మదిగా దారం బిగిస్తే చేప తనంతట తానే చిక్కుతుంది. వదిలే చేపను నీళ్లలోంచి పైకెత్తకూడదన్నది అమెరికా సమాఖ్య నిబంధన. కాబట్టి ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగే సరదా కూడా లేదు. ముక్కు పట్టుకుని పడవ పక్కనే కాసేపు నడిపించి, చేపకు ఊపిరి అందాక వదిలేస్తారు.