మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్ ఖాతాలో వచ్చిన పురుగు

సినిమాలు రాకముందు లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల ఊళ్లు నారింజ తోటల మీద బతికేవి. 1880ల్లో ఆ చెట్లకు దూదిపింజలు అతికించినట్టు కొమ్మకొమ్మకూ తెల్లటి ముద్దలు పట్టాయి. దగ్గరికెళ్లి చూస్తే ముందు భాగంలో ఇటుకరంగు పురుగు, వెనక గాడులు తీరిన మైనపు సంచి. ఆ సంచి చీలిస్తే లోపల వందల కొద్దీ ఎర్రటి గుడ్లు. పురుగు నోటి సూదిని చెట్టులో దింపి రసం పీలుస్తుంది; ఒంటబట్టని తీపి ద్రవాన్ని ఆకుల మీదికి వదులుతుంది. ఆ జిగురు మీద మసి తెగులు. పిండినల్లిని చూసిన మన బత్తాయి రైతులకు ఈ వరస కొత్తేమీ కాదు.

చేతికందిన మందల్లా కొట్టారు. మైనపు సంచిలోని గుడ్లకు అది తగల్లేదు. 1886లో కాకిలెట్ అనే కీటక శాస్త్రవేత్త చెట్టుకు గుడారం కప్పి, లోపల హైడ్రోసయానిక్ ఆమ్ల వాయువు వదిలే పద్ధతి మొదలుపెట్టాడు. పురుగు చచ్చేది. అయితే అది మనుషుల్నీ చంపగల విషం, ఖర్చూ తక్కువ కాదు. చాలామంది చెట్లు కొట్టేసి తగలబెట్టారు.

ఈ పురుగు సొంతూరు ఆస్ట్రేలియా. 1868 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో అకేసియా మొక్కల మీద కనిపించింది. అయితే ఆస్ట్రేలియాలో ఇది తోటల్ని ఎందుకు ఎండబెట్టడం లేదు? అక్కడ దీన్ని తినేదేదో ఉండాలని అమెరికా వ్యవసాయ శాఖలో కీటక విభాగాధిపతి చార్లెస్ రైలీ లెక్క. ఎవరినైనా పంపుదామంటే, ఆయన సిబ్బంది విదేశీ ప్రయాణాలకు అమెరికా పార్లమెంటు పైసా ఇవ్వనంది. చివరికి మెల్‌బోర్న్‌లో జరిగే ఎగ్జిబిషన్ కోసం కేటాయించిన సొమ్ములోంచి 2,000 డాలర్లు సర్దారు. 1888 ఆగస్టులో రైలీ సిబ్బందిలోని ఆల్బర్ట్ కోబెలే ఎగ్జిబిషన్ ప్రతినిధిగా ఓడెక్కాడు. సర్కారీ పద్దుల్లో ఇంత గొప్ప దారిమళ్లింపు మళ్లీ జరిగి ఉండదు!

అతను వెతకడానికి వెళ్లింది ఈగ కోసం. ఈ పురుగు ఒంట్లోనే పెరిగి దాన్ని చంపే చిన్న ఈగను అడిలైడ్‌లో ఫ్రేజర్ క్రాఫర్డ్ అప్పటికే గుర్తించాడు. రైలీ ఆశంతా దానిమీదే. అక్టోబరులో ఉత్తర అడిలైడ్ తోటలో కోబెలేకు ఇంకొకటి తగిలింది: ఎరుపు మీద నల్ల మచ్చలున్న బుల్లి అక్షింతల పురుగు, పేరు వెడాలియా. దాని పిల్లపురుగు గుడ్ల సంచిలోకి దూరి, లోపల్నుంచే ఖాళీ చేస్తుంది. వేల ఈగలతో పాటు వీటినీ పంపాడు.

నవంబరు 30న కాలిఫోర్నియా చేరిన వెడాలియాలు 28. జనవరి చివరికి మొత్తం 129. కాకిలెట్ వాటిని లాస్ ఏంజిలిస్‌లోని వుల్ఫ్‌స్కిల్ తోటలో గుడారం కప్పిన ఒక్క నారింజ చెట్టు మీద వదిలాడు. విషవాయువు కోసం వాడిన ఉపాయమే ఇక్కడ పురుగుల్ని పెంచే గదిగా పనికొచ్చింది. ఏప్రిల్‌కల్లా ఆ చెట్టు శుభ్రపడింది. గుడారం ఓ పక్క ఎత్తేశారు. జూన్ 12 నాటికి 228 మంది రైతులకు 10,555 వెడాలియాలు పంచారు. తెల్ల ముద్దల పురుగు ఏడాదికి రెండు మూడు తరాలు పెరిగితే, వెడాలియా నెలకో తరం. పైగా దానికి వేరే తిండి మీద ధ్యాస లేదు. ఏడాది తిరిగేసరికి లాస్ ఏంజిలిస్ జిల్లా నుంచి నారింజల ఎగుమతి 700 వ్యాగన్ల నుంచి 2,000కు పెరిగింది.

రైతులు కోబెలేకు బంగారు గడియారం, ఆయన భార్యకు వజ్రాల దుద్దులు బహూకరించారు. ఆ ఘనత ఎవరిదన్న దాని మీద మాత్రం రైలీకీ కాలిఫోర్నియా వాళ్లకూ చాలాకాలం పొసగలేదు. తర్వాత వెడాలియా దేశదేశాలు తిరిగింది. మన నీలగిరులకూ వచ్చింది.

1940ల్లో కాలిఫోర్నియా తోటల్లోకి డీడీటీ వచ్చింది. అది వెడాలియాను చంపింది, తెల్ల ముద్దల పురుగును వదిలేసింది. యాభై ఏళ్లుగా మరుగునపడ్డ తెల్ల ముద్దలు మళ్లీ కొమ్మలెక్కాయి. దాంతో ఆ రైతులే వెడాలియా ఎక్కడ దొరికితే అక్కడ డబ్బిచ్చి కొనుక్కొచ్చి తోటల్లో వదులుకున్నారు.