ఏబీఎస్ దీపం ఆరకపోతే: మోటారు సైకిలు బ్రేకు హెచ్చరికలో ఏముంది, ఏమి లేదు

సంత్రాగాఛి: కోల్‌కతా నుంచి హుగ్లీ నది దాటితే హౌరా జిల్లాలో వచ్చే సంత్రాగాఛి జంక్షన్ తెలుగు ప్రయాణికులకు అపరిచితమైన పేరు కాదు. ఆగ్నేయ రైల్వేకు చెందిన ఈ స్టేషన్ నుంచి చెన్నై దిశగా బయలుదేరే రైళ్లు ఖరగ్‌పూర్, భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడల మీదుగా సాగుతాయి. విద్యాసాగర్ సేతువు దిగి వచ్చే కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఈ ఊరి గుండానే వెళ్లి 16వ నంబరు జాతీయ రహదారిని చేరుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు కోస్తా ఆంధ్రను దాటి చెన్నై చేరేదీ అదే రహదారి. లారీల రద్దీ, నెలల తరబడి వర్షం, బురద, రైలు పార్సిల్ పెట్టెలో తాళ్లతో బిగించి తెచ్చిన ద్విచక్ర వాహనాలు ఇక్కడ ఒకేచోట కలుస్తాయి. బండి మీటరులో పసుపు రంగు ఏబీఎస్ దీపం ఆరకుండా వెలుగుతూ ఉండటానికి ఇవన్నీ కారణాలు కాగలవు.

ఆ దీపాన్ని చాలామంది ‘బ్రేకు లైటు’ అంటారు. అక్కడే తికమక మొదలవుతుంది. కారులో బ్రేకు హెచ్చరిక దీపం సాధారణంగా ఆయిల్ తగ్గినా, హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా వెలుగుతుంది. మన దేశంలో తిరిగే మోటారు సైకిళ్లలో అధిక భాగానికి అటువంటి దీపం లేదు. ఉన్నది ఏబీఎస్ దీపం మాత్రమే. అది బ్రేకు ఆయిలును చూడదు, ప్యాడ్ల అరుగుదలను చూడదు. చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థను మాత్రమే కనిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి దీపం వెలిగినంత మాత్రాన బ్రేకు పోయినట్టు కాదు. దీపం ఆరి ఉన్నంత మాత్రాన బ్రేకు బాగున్నట్టూ కాదు. రెండవ మాటను మరచిపోవడమే ఎక్కువ ప్రమాదకరం.

మోటారు సైకిలుకు ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను తొలుత 1988లో బీఎండబ్ల్యూ సంస్థ తన కె100 నమూనాకు అమర్చింది. మన దేశంలో 125 సీసీకి మించిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్నవాటికి 2019 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న బండ్లకు ముందు, వెనుక బ్రేకులను కలిపి పనిచేయించే సీబీఎస్ ఉన్నా సరిపోతుందని అప్పటి నిబంధన. అటువంటి బండ్లలో ఈ దీపం కనిపించదు.

వ్యవస్థ పనితీరు సులభంగానే అర్థమవుతుంది. చక్రం ఇరుసు దగ్గర గాట్లు లేదా రంధ్రాలున్న ఉక్కు వలయం ఒకటి చక్రంతో పాటు తిరుగుతుంది. దానికి అతి దగ్గరగా కదలకుండా బిగించిన సెన్సర్ ఆ గాట్లను లెక్కిస్తూ వేగాన్ని కంట్రోల్ యూనిట్‌కు తెలుపుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం వేగం ఒక్కసారిగా పడిపోతే, యూనిట్ ఆ చక్రపు ఆయిల్ ఒత్తిడిని సెకనులో పలుమార్లు తగ్గించి మళ్లీ పెంచుతుంది. లివరు వేళ్ల కింద అదురుతున్నట్టు అనిపించేది అందుకే. సింగిల్ ఛానెల్ బండ్లలో ఈ రక్షణ ముందు చక్రానికే పరిమితం. వెనుక చక్రం మామూలుగానే జారుతుంది.

తాళం తిప్పగానే దీపం వెలగాలి. బండి కదిలి కొద్దిపాటి వేగం, సాధారణంగా గంటకు 5 నుంచి 10 కిలోమీటర్లు, అందుకున్నాక ఆరాలి. నిలబెట్టిన బండిలో దీపం వెలుగుతోందని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసే కొత్త యజమానులు ఉన్నారు. అది లోపం కాదు. మరో ఉత్త హెచ్చరిక కూడా ఉంది. రెండు చక్రాలకూ సెన్సర్లున్న బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, చెయిన్‌కు నూనె పట్టించేందుకు ఇంజన్‌తో వెనుక చక్రాన్ని తిప్పితే, ముందు చక్రం కదలకపోవడం యూనిట్‌కు లోపంగా తోచి దీపం వెలగవచ్చు. బురదలో వెనుక చక్రం ఒక్కటే గిర్రున తిరిగినా అంతే. తాళం తీసి, మళ్లీ వేసి, కొంత దూరం నడిపితే అది ఆరిపోతుంది.

ఆరకుండా నిలిచిపోతే వెతకవలసిన మొదటి చోటు సెన్సర్. చాలా సెన్సర్లలో అయస్కాంతం ఉంటుంది. రోడ్డు బురదతో పాటు డిస్కు నుంచి రాలే ఇనుప పొడి దాని మొనకు అంటుకుంటుంది. నీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. గీకకూడదు. సెన్సర్‌కు, వలయానికి మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు అటూఇటూగానే ఉంటుంది కనుక వలయం కొంచెం వంగినా లెక్క తప్పుతుంది. పంక్చర్ వేయించిన మరునాడే దీపం వెలిగిందంటే అనుమానించవలసింది దీన్నే. చక్రం ఊడదీసేటప్పుడు వలయానికి దెబ్బ తగిలి ఉండవచ్చు, తిరిగి బిగించేటప్పుడు ఇరుసుపై స్పేసర్ తప్పిపోయి ఉండవచ్చు, లేదా వైరు నలిగి ఉండవచ్చు. పార్సిల్‌లో వచ్చిన బండికైతే ముందు ఫోర్కు వెంబడి వైరును చివరి దాకా చేత్తో తడిమి చూడాలి. తాడు బిగించిన చోట తెగడం, క్లిప్పు ఊడటం జరుగుతుంటాయి. నిలిపి ఉంచిన బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లూ తక్కువేమీ కాదు.

వైరు బాగుంటే ఫ్యూజులను చూడాలి. కాలిపోయినదాని స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి తప్ప సిగరెట్ పెట్టె రేకు చుట్టకూడదు. తర్వాత బ్యాటరీ. పూర్తిగా చార్జి ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దాకా చూపుతుంది. 12 దాటకపోతే ఏబీఎస్ యూనిట్ పని మానుకుని దీపం వెలిగించవచ్చు. కంపెనీ చెప్పిన కొలత కాక వేరే టైరు వేయించినా రెండు చక్రాల లెక్కలు పొసగవు. ఇవేవీ కాకపోతే లోపం యూనిట్ జ్ఞాపకంలో కోడుగా నమోదై ఉంటుంది. దాన్ని చదివే పరికరం ఉన్న చోటికి తీసుకెళ్లడమే మేలు. అందాజుగా భాగాలు మార్పిస్తూ పోతే ఖర్చు మిగులుతుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది.

కొందరు దీపాన్నే తీసేయిస్తారు, లేదా వైరు కత్తిరింపజేస్తారు. పాత బండి అమ్మే వేళ ఈ చిట్కా ఎక్కువగా బయటపడుతుంది. అందువల్ల సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఆరిన దీపాన్ని కాదు, తాళం తిప్పగానే వెలిగే దీపాన్ని చూడాలి. అసలు వెలగకపోతే బేరం అక్కడే ఆపడం మంచిది. ఇతరులకు ప్రమాదకరమయ్యే లోపం ఉందని తెలిసీ బహిరంగ స్థలంలో వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శిక్షార్హం.

దీపం చెప్పని సంగతి బ్రేకు ఆయిలుది. అధిక శాతం బండ్లలో వాడే డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్. తేమ పట్టాక ప్రమాణం కోరే కనీస స్థాయి 155 డిగ్రీలే. ఏటా 1,600 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే కోల్‌కతా పరిసరాల్లోనూ, మన కోస్తా జిల్లాల్లోనూ ఈ విషయం తేలిగ్గా తీసుకోదగినది కాదు. అరకు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు దిగుతూ వెనుక బ్రేకు తొక్కిపెట్టే ఉంచితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. మీటరులో ఏ దీపమూ వెలగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలని చాలా కంపెనీల మాన్యువళ్లు చెబుతున్నది ఇందుకే. డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే నింపకుండా ముందు ప్యాడ్లు చూడాలి. అవి అరిగేకొద్దీ మట్టం తగ్గడం సహజం. ప్యాడ్లు మందంగానే ఉండి మట్టం పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే. నింపవలసి వస్తే డబ్బా మూతపై రాసిన రకాన్నే, సీలు విప్పని సీసా నుంచి పోయాలి. ఒలికితే రంగు లేచిపోతుంది.

దారి మధ్యలో దీపం వెలిగితే బండి ఆపి లివరును, పెడలును గట్టిగా నొక్కి చూడాలి. రెండూ గట్టిగా నిలిస్తే మామూలు బ్రేకులు పనిచేస్తున్నట్టే. ఏబీఎస్ లేని పాత బండిగా భావించి, వేగం తగ్గించి, ముందు వాహనానికి దూరం పెంచి ఇల్లు చేరవచ్చు. తడిసిన రైలు పట్టాలు, వంతెనలపై ఉక్కు అతుకులు, రోడ్డుపై తెల్ల గీతలు దాటేటప్పుడు బ్రేకు వేయకూడదు. లివరు హ్యాండిల్‌ను తాకేదాకా దిగితే మాత్రం బండిని నడపకుండా వాహనంపై ఎక్కించి తరలించాలి.

రైల్వే పార్సిల్ కార్యాలయంలో బండి తీసుకునేవారికి ఒక ఇబ్బంది ఉంది. నిబంధన ప్రకారం పెట్రోలు తీసేసి పంపుతారు కనుక అక్కడ నడిపి చూడటం కుదరదు. అయినా తాళం తిప్పి దీపం వెలుగుతోందో లేదో చూడవచ్చు, గోనె గుడ్డ విప్పి వైర్లు పరిశీలించవచ్చు, దెబ్బ కనిపిస్తే సంతకం చేయకముందే నమోదు చేయించుకోవచ్చు. పెట్రోలు పోయించాక రద్దీ లేని వీధిలో వంద మీటర్లు నడిపి, దీపం ఆరిన తర్వాతే కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలి.