ఓడ పద్దులలో మన పూర్వులు

మన గృహములలో వంశవృక్షమును వ్రాసి యుంచుకొను వాడుక కలదు. తండ్రినుండి కుమారునకు, కుమారునినుండి మనుమనికి అందు కొమ్మలు సాగుచుండును. కాని రెండు తావులయందు ఆ వృక్షము మోడువడి కనిపించును. ఇంట బుట్టిన ఆడుబిడ్డతో ఒక కొమ్మ యాగిపోవును. ఓడ యెక్కి సముద్రము దాటినవానితో మఱియొకటి యాగిపోవును.

1860వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను నోడ నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అందు వచ్చినవారు 342 మంది. నేటాలు అప్పుడు ఆంగ్లేయుల వలసరాజ్యము. అచ్చటి చెఱకుతోటలకు కూలీలు కావలసియుండిరి. నాటినుండి 1911 వఱకు 1,52,184 మంది అయిదేండ్ల యొడంబడికపై చెన్నపట్టణము, కలకత్తా రేవులనుండి అచ్చటికి పోయిరి. వారిలో సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణమున ఓడ యెక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్టణము, ఉత్తరార్కాటు మొదలగు జిల్లాల తెలుగువారును అందు కలరు.

ప్రతి ఓడకును ఒక పద్దు కలదు. మనిషికొక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది మచ్చలు—ఇన్నియు అందు వ్రాయబడెను. ఇది దయచేత వ్రాసినది కాదు. కూలివాడు తప్పిపోయినచో పట్టుకొనుటకు వ్రాసినది. అయినను నేడు డర్బనులోని పత్రశాలయందు భద్రపఱుపబడిన ఆ పద్దులే, మునిమనుమలకు ముత్తాత యూరిని చూపుచున్నవి. తాతగారి వివాహపత్రములోనో మరణపత్రములోనో ఆ సంఖ్య దొరకెనా, సగము దారి తెలిసినట్లే.

మిగిలిన సగము దుర్గమము. మన పలుకు నెఱుగని గుమాస్తా చెవికి వినబడిన రీతిని వ్రాసిన గ్రామనామము గుర్తింపరాకుండును. పద్దులో ఇంటిపేరునకు గడియే లేదు. నాయుడు అను గౌరవపదమే పెక్కురకు ఇంటిపేరయి నిలిచెను. జిల్లాలును మాఱినవి. నాటి విశాఖపట్టణము జిల్లానుండి 1950లో శ్రీకాకుళము వేఱయ్యెను. నాటి ఉత్తరార్కాటులోని చిత్తూరు 1911లో ప్రత్యేక జిల్లా యయ్యెను. ఈ సంగతి తెలియక వెదకువాడు వేఱొక జిల్లాలో తిరుగుచుండును.

ఇందొక విషయము మనము సిగ్గుపడి యోచింపవలసినది. ఆ పద్దులో స్త్రీకిని సంఖ్య కలదు, పేరు కలదు, తండ్రి పేరు కలదు, ఊరు కలదు. లాభమునకై మనుష్యులను లెక్కించినవాడు ఆమె పేరు వ్రాసెను. ప్రేమచే కుటుంబమును లెక్కించుకొన్న మనము వ్రాయమైతిమి. ఒంటరిగా ఓడ యెక్కిన వితంతువును పుట్టినిల్లు మఱచినది, పద్దు మఱువలేదు.

ఆవలితీరమున సంఖ్య యున్నది. ఈవలితీరమున జ్ఞాపక మున్నది. రెండును కలిసినగాని వంశము పూర్తికాదు. పద్దులను కాపాడుటకు పత్రశాల యున్నది. జ్ఞాపకమును కాపాడుటకు ముసలివారి నోరు తప్ప వేఱొకటి లేదు. కావున చదువరులారా, మీ యింటి పెద్దలను నేడే యడుగుడు: ఓడ యెక్కి పోయినవా రెవరు? వారి పేరేమి, ఏ యూరినుండి పోయిరి? చెప్పినది ఇంటిపేరుతో సహా వ్రాసి యుంచుడు; ఆడువారి పేళ్లను విడువకుడు. ఎప్పుడో ఒకనాడు డర్బనునుండి ఒక యపరిచితుడు మీ గడప యెదుట నిలిచి తన ముత్తవ్వ పేరు చెప్పినపుడు, ఆమె మాకును ముత్తవ్వయే యని చెప్పుటకు ఆ కాగితమొక్కటి చాలును.