బెంగళూరు పేటలో చిట్టా నుంచి పట్టా దాకా

కెంపేగౌడ నిర్మించిన బెంగళూరు పేట వంటి పాత వర్తక కేంద్రాలలో లెక్కల విద్య కొట్టులో గుమాస్తా పక్కన కూర్చుని చిట్టా, ఆవర్జాలు, అంటే రోజువారీ పద్దుల పుస్తకమూ ఖాతాలవారీ పుస్తకమూ రాస్తూ నేర్చుకొనేదే తప్ప కళాశాలలో చదివేది కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానానికి దివానుగా ఉండగా 1913లో మైసూరు బ్యాంకు, 1916లో వాణిజ్య మండలి ఈ నగరంలో వెలసిన కాలానికి, ప్రతి లావాదేవీనీ ఒక ఖాతాలో డెబిట్‌గా, మరొక ఖాతాలో క్రెడిట్‌గా నమోదు చేసే జంటపద్దు విధానం తెలిసినవారి అవసరం పెరిగింది. లెక్కలను స్వతంత్రంగా తనిఖీ చేసి ధ్రువీకరించే ఆడిటర్ల వృత్తికి 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం దేశమంతటికీ ఒకే ప్రమాణాన్ని ఏర్పరచింది. 1999లో బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థ ఇన్ఫోసిస్ అమెరికా షేర్ల మార్కెటు నాస్‌డాక్‌లో నమోదు కావడంతో విదేశీ మదుపరులకు సైతం అర్థమయ్యేలా లెక్క చెప్పగల నేర్పుకు విలువ హెచ్చింది. కనుక వ్యాపారంలోకి రాదలచిన యువత ఈ లెక్కల విద్యను కళాశాలలో నేర్పే బి.కాం. పట్టాను ఎంచుకోవడమంటే, నమ్మకాన్ని అంకెలతో నిలబెట్టే ఒక పురాతన బాధ్యతను స్వీకరించడమే.