లూయిస్ హెన్రీ మోర్గాన్ ఉపన్యాసాలు

లూయిస్ హెన్రీ మోర్గాన్ ఉపన్యాసాలు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం నిర్వహించే స్మారక ప్రసంగాల పరంపర. 1963లో మొదలైంది. బంధుత్వాల అధ్యయనానికి శాస్త్రస్థాయి తెచ్చిన లూయిస్ హెన్రీ మోర్గాన్ (1818–1881) పేరు మీద సాగుతోంది. ఈ ప్రసంగాలను విస్తరించి పుస్తకాలుగా వెలువరించడం ఆనవాయితీ. మానవశాస్త్ర విద్యార్థులు నేటికీ తప్పక చదివే గ్రంథాలు కొన్ని ఇలా వచ్చినవే.

మోర్గాన్ కృషి

మోర్గాన్ రోచెస్టర్‌లో న్యాయవాది. సెనెకా తెగకు చెందిన ఈలీ పార్కర్ తోడ్పాటుతో ఇరోక్వా తెగల సమాఖ్యను అధ్యయనం చేసి, 1851లో అచ్చయిన ఆ అధ్యయన గ్రంథాన్ని పార్కర్‌కే అంకితమిచ్చాడు. 1862లో బంధుత్వ వివరాలు సేకరిస్తూ మిస్సోరి నది ప్రాంతంలో తిరుగుతుండగా ఆయన కూతుళ్లిద్దరూ జ్వరంతో చనిపోయారు. ఆ దుఃఖంలోనూ ఆయన పని ఆపలేదు. భార్య, కొడుకుల తదనంతరం తన ఆస్తి స్త్రీల విద్యకు చెందాలని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు.

తెలుగు వరసలతో సంబంధం

మోర్గాన్ ప్రశ్నావళులు తయారుచేసి వివిధ దేశాల్లోని మిషనరీలకు, అధికారులకు పంపాడు. వచ్చిన సమాధానాలతో 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ ఆయన బృహద్గ్రంథాన్ని ప్రచురించింది. అందులోని పట్టికల్లో తమిళం, కన్నడాలతో పాటు తెలుగు వరసలూ ఉన్నాయి.

సెనెకాలు తండ్రి సోదరుణ్ణి తండ్రి వరసతో, తల్లి సోదరిని తల్లి వరసతో పిలుస్తారు. వారి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అవుతారు. మేనమామకు, మేనత్తకు, వారి పిల్లలకు వేరే వరసలున్నాయి. పెదనాన్న, పిన్ని పిల్లలను తోబుట్టువులుగా, మేనమామ, మేనత్త పిల్లలను బావామరదళ్లుగా ఎంచే తెలుగువారి పద్ధతీ ఇదే. ఈ పోలికను చూసి అమెరికా ఆదివాసుల మూలాలు ఆసియాలో ఉన్నాయనడానికి ఇదే రుజువని మోర్గాన్ భావించాడు. వరసల పోలిక ఒక్కటే అందుకు చాలదని తరవాతి పరిశోధకులు తేల్చారు. తెలుగునాట వరసలు మేనరికంతో ముడిపడి ఉన్నాయి. అందుకే మేనమామా పిల్లనిచ్చిన మామా ఇద్దరూ మామలే. సెనెకాల్లో మేనరికం ఆచారం లేదు.

ఉపన్యాసకులు, గ్రంథాలు

తొలి మూడు పరంపరలకు మోర్గాన్ కృషిలోని మూడు పార్శ్వాలను తీసుకున్నారు. 1963లో మేయర్ ఫోర్టెస్ బంధుత్వం గురించి, తరవాత ఫ్రెడ్ ఎగన్ అమెరికా ఆదివాసుల గురించి, ఆపై రాబర్ట్ ఆడమ్స్ నగర నాగరికతల ఆవిర్భావం గురించి మాట్లాడారు. 1966లో విక్టర్ టర్నర్ జాంబియాలోని ఎండెంబుల క్రతువులపై చేసిన ప్రసంగాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. క్రతువు నడుస్తున్నంతసేపూ హోదాలు చెరిగిపోయి మనుషులు సమానంగా నిలిచే స్థితిని ఆయన అందులో వివరించాడు. 1984లో శ్రీలంకకు చెందిన స్టాన్లీ తంబయ్య మంత్రం, విజ్ఞానశాస్త్రం, మతం అనే అంశం తీసుకున్నాడు. 1989లో మెరిలిన్ స్ట్రాథర్న్ ఇరవయ్యో శతాబ్దం చివరి ఇంగ్లీషు వారి బంధుత్వాలను చర్చించింది.

నిర్వహణ, ప్రాముఖ్యం

మొదట్లో ఒక్కో వక్త వరసగా పలు ప్రసంగాలు చేసేవారు. తరవాతి కాలంలో ఒక బహిరంగ ప్రసంగం, దానిపై పండితుల చర్చ పద్ధతిగా మారాయి. వక్త రాతప్రతిని ముందే చదివిన వారు లోపాలు ఎత్తిచూపుతారు. రచయిత దాన్ని సవరించి అచ్చుకిస్తారు. సమాజాలన్నీ ఆటవిక, అనాగరిక, నాగరిక దశల మీదుగా సాగుతాయన్న మోర్గాన్ వాదాన్ని మానవశాస్త్రం ఏనాడో వదిలేసింది. ఆయన లేవనెత్తిన ప్రశ్నలను మాత్రం ఈ వేదిక సజీవంగా ఉంచింది. పరిశోధకుడికి దక్కదగిన గౌరవం అదే.