మేనరికం కాదుగా, మనకేం భయం?



ఇక్కడ బర్నబీలో ఆపరేషన్‌కి ముందు మేం నర్సులం ఒక ప్రశ్న అడుగుతాం: "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది అయ్యిందా?" మనవాళ్ళు చాలామంది ఆలోచించకుండా "లేదండీ" అనేస్తారు. కానీ ఆ ప్రశ్నకి మన పెళ్ళిళ్ళ చరిత్రతో సంబంధం ఉంది.

హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ చదివారు. 2009లో వాళ్ళు చెప్పిందేమిటంటే, మన దేశంలో దాదాపు అందరమూ రెండు పాత జనాల కలయికే. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకూ సాగిందని 2013లో తేల్చారు. ఆ తర్వాత "మనవాళ్ళకే ఇవ్వాలి, మనవాళ్ళనే చేసుకోవాలి" అన్నది గట్టిపడిపోయింది.

దాని ఫలితం 2017లో బయటపడింది. చూసిన 263 సమూహాల్లో 81, ఒకప్పటి కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినవి. ఒకే తోడుతో ఊరంతా పెరుగు తోడేసుకున్నట్టన్నమాట. ఆ తోడులో చిన్న తేడా ఉంటే అన్ని గిన్నెల్లోకీ వస్తుంది.

మన వైశ్యుల సంగతే చూడండి. గొంతులో ట్యూబు వేసేముందు కండరాలు సడలడానికి ఇచ్చే సుక్సినైల్‌కోలిన్ మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్ళు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీదే ఉంచాలి.

"మాది మేనరికం కాదు, గోత్రాలు కూడా వేరు" అంటారా? అది సరిపోదు. ఎప్పటి పూర్వీకులో ఇద్దరికీ ఒకరే అయ్యుండొచ్చు. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. ఒక్కో సమూహానికి ఒక్కోటి ఉంటుంది.

భయపడక్కర్లేదు. ముందే తెలిస్తే రక్తపరీక్ష ఉంది, వేరే మందులున్నాయి. ఈ ఆదివారం అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి: "ఆపరేషన్ అయ్యాక మనవాళ్ళలో ఎవరైనా చాలాసేపటి దాకా కదల్లేకపోయారా?" అవునంటే రాసి పెట్టుకోండి. మత్తు డాక్టర్‌కి చెప్పండి. మీ అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ చెప్పండి.